పవర్‌హౌస్ జాలి

కంప్లైంట్ తాళాల గురించి.

నది ఒడ్డున ఉన్న పాత పవర్‌హౌస్ తాళాల గుత్తి కనిపించడం లేదు. వెతికించండి. ఇంజనీరు రాసిచ్చింది అంతే.

"తాళాలు ఎవరి దగ్గరుండేవి?" ఇన్‌స్పెక్టర్ అడిగింది.

"ఆపరేటర్ దగ్గర మేడమ్."

"ఆయనేమంటున్నాడు?"

ఇంజనీరు నీళ్లు నమిలాడు. "ఆయన... మొన్నట్నుంచి కనబడట్లేదు."

ఇన్‌స్పెక్టర్ తలెత్తి చూసింది. మనిషి మాయమైతే తాళాలకి కేసు!

వెంటనే జీపెక్కింది.

ఒకప్పుడు షిఫ్టుకి పాతికమందితో సందడిగా ఉన్న హాలు. ఇప్పుడు మెషీన్‌ని ఎక్కడో ఆఫీసులోంచి కంప్యూటరే నడుపుతోంది. మిగిలింది ఆ ఒక్క ఆపరేటర్. వెనక క్వార్టర్లో ఒంటికాయ సొంటికొమ్ములా ఉంటాడు.

క్వార్టర్లో మంచం సర్ది ఉంది. ఒకే కంచం. ఒకే గ్లాసు. ఆమె చూపు వాటి మీద కాసేపు ఆగింది. తన వంటింట్లోనూ అంతే.

"చివరిసారి ఎప్పుడు చూశావ్?"

గేటు వాచ్‌మన్ బుర్ర గోక్కున్నాడు. "ఆయన వస్తే వచ్చాడని, పోతే పోయాడని ఎవరు చూస్తారండీ?"

నీళ్లు లోపలికొచ్చే చోట నడకవంతెన. దాని అంచున చెప్పుల జత.

ఇంజనీరు మొహం పాలిపోయింది. "అయ్యో! వచ్చే నెల నుంచి రానక్కర్లేదని చెప్పాం మేడమ్. అందుకే దూకేశాడేమో. గజ ఈతగాళ్లని పిలుద్దాం."

ఆమె కదల్లేదు. నది నిండా రాలిన ఆకులు. గుంపులుగా కొట్టుకొస్తున్నాయి. టర్బైన్‌లోకి చెత్త పోకుండా ఆపే ఇనుప జాలి మాత్రం శుభ్రంగా ఉంది.

"ఈ జాలికి పట్టే చెత్త ఎవరు తీస్తారు?"

"ఆపరేటరే. చేత్తో."

"తియ్యకపోతే?"

"ఒక్క పూటలో జాలి మూసుకుపోతుంది. మెషీన్ ఆగిపోతుంది."

"ఆగిందా?"

ఇంజనీరు హాలు వైపు తిరిగాడు. మెషీన్ హోరు వినిపిస్తూనే ఉంది.

"రెండ్రోజులుగా మెషీన్ తిరుగుతోంది. గట్టు మీద ఆకుల కుప్ప ఇంకా తడిగా ఉంది. చనిపోయినవాడు చెత్త తియ్యడండీ. తాళాలతో సహా ఇక్కడే ఎక్కడో దాక్కున్నాడు. ఇక్కడ లోపలి నుంచి గడియ పడే గది ఏదుంది?"

పాత బ్యాటరీ గది. తలుపు తట్టింది. చాలాసేపటికి గడియ కదిలింది.

మాసిన గడ్డం. మోచేతుల దాకా బురద. నడుముకి తాళాల గుత్తి.

"దూకుదామనే వచ్చాను మేడమ్," అన్నాడు ఆపరేటర్. "జాలికి ఆకులు పట్టేసి ఉన్నాయి. అవి తీసేసి దూకుదామనుకున్నా. తీస్తుంటే ఇంకా వస్తూనే ఉన్నాయి. తర్వాత ఎవరికీ కనబడడానికి మొహం చెల్లలేదు."

అతను బురద చేతులు పంచెకి తుడుచుకున్నాడు.

"నన్ను వెతకమని ఎవరన్నారు?"

ఇంజనీరు తల దించుకున్నాడు.

"నేనే," అంది ఇన్‌స్పెక్టర్. "డాక్టర్ దగ్గరికి నేనే తీసుకెళ్తాను. రేపు సాయంత్రం మళ్లీ వస్తాను. స్టేట్‌మెంట్ తీసుకోవాలి."

"చెప్పాల్సిందంతా చెప్పేశాగా?"

"ఎక్కడ? ఇప్పుడేగా మొదలెట్టారు. టీ పెట్టి ఉంచండి."

అతను తడబడ్డాడు. "గ్లాసు ఒకటే ఉందండీ."

"నాది నేను తెచ్చుకుంటాను."