పంపు బంద్ పెట్టండి

“రంగు వేస్తే చెమ్మ పోతుందా అండీ? జ్వరమొచ్చినవాడికి పౌడర్ రాసినట్టుంది మీ వరస!”

“ఇది డాంప్ ప్రూఫ్ పెయింట్ కుసుమా. డబ్బా మీద రాసి ఉంది.”

“పోయినసారి డబ్బా మీదా రాసే ఉంది. మన గోడకి చదువు రాదు కాబోలు!”

సరూర్‌నగర్‌లోని ఆ ఇంట్లో ఈ వాదన పొద్దున్న ఇడ్లీల దగ్గర మొదలైంది. ఇడ్లీలు అయిపోయాయి గానీ వాదన అవలేదు. జోగారావు గారు బ్రష్ పట్టుకుని స్టూలు ఎక్కారు. కుసుమకుమారి గారు ఆ స్టూలు కదలకుండా పట్టుకునే ఆయన్ని తిడుతున్నారు. హాలు గోడ మీద చెమ్మ మరక మాత్రం తనకేమీ పట్టనట్టు మెల్లగా పైకి పాకుతోంది.

“బీరువా జరిపి కప్పేద్దాం అమ్మా,” అంది కూతురు మృదుల.

“గోడకి ఇంజెక్షన్లు ఇస్తారట నాన్నా. వీడియోలో చూపిస్తున్నాడు,” అన్నాడు కొడుకు వినయ్, ఫోన్‌లోంచి తల ఎత్తకుండా.

“ముందు రోగమేందో తెల్వకుండ ఇంజెక్షన్ ఎట్ల ఇస్తరు?”

గుమ్మంలో ఒకమ్మాయి నిలబడి ఉంది. భుజాన బ్యాగు, చేతిలో చిన్న సుత్తి, జడకి సిమెంటు దుమ్ము.

“సంతోషిని ఆంటీ. ఎల్‌బీ నగర్ లింగస్వామి మేస్త్రీ బిడ్డను. లీకేజీ చూడమని ఫోన్ చేసిండ్రు గదా.”

ఆమె చెప్పులు విడిచి నేరుగా గోడ దగ్గరికి నడిచింది. “సార్, జర దిగుండ్రి. తడి గోడకు రంగేస్తే లోపలి నీళ్లు బయటికి రాలేక ప్లాస్టర్‌నే పెచ్చులు ఊడగొడతయ్. ముందు నీళ్లు యాడికెల్లి వస్తున్నయో చూడాలె.”

“నేను పొద్దుట్నుంచీ అదే మొత్తుకుంటున్నా!” అన్నారు కుసుమకుమారి గారు. ఆవిడ ఆ మాట అనలేదని అందరికీ తెలుసు.

సంతోషి గోడని వేళ్లతో తట్టి చూసింది. గోడకి అవతల ఉన్న బాత్రూం చూసింది. వెళ్తూ వెళ్తూ వినయ్‌తో అంది.

“రెండు దినాలు పంపు బంద్ పెట్టండి. మరక ఆరిందో లేదో ఫోన్ చేయండి. అప్పుడు యాడ పగలగొట్టాల్నో చెప్త.”

ఎందుకని వినయ్ అడగలేదు. ఆమె కళ్లు అంత పెద్దగా ఎలా ఉన్నాయా అని ఆలోచిస్తున్నాడు.

రెండు రోజులూ ఇంటిల్లిపాదీ పెరటి బాత్రూంలో వంతులేసుకుని స్నానాలు చేశారు. మరక ఆరలేదు. వినయ్ ఫోన్ చేశాడు.

“పంపు పూర్తిగా బంద్ అండీ. చుక్క నీరు లేదు. అయినా మరక అలాగే ఉంది.”

“అయితే నీళ్లు బాత్రూం నేలలకెల్లే వస్తున్నయ్. రేపు మనిషిని తీసుకొని వస్త.”

మర్నాడు బాత్రూం టైల్స్ పగిలాయి. కింద కాంక్రీటు కనబడింది. ఎండాకాలం బాట మీద దుమ్ములా పొడిగా ఉంది.

సంతోషి ముఖం పాలిపోయింది. జోగారావు గారి ముఖం ఎర్రబడింది. ఆయన లింగస్వామికి ఫోన్ చేశారు. మేస్త్రీ స్కూటర్ మీద వచ్చి, పగిలిన నేల చూసి, తల పట్టుకున్నాడు.

“నేను ముందే చెప్పిన బిడ్డా, సైట్ల మీద పని నీతోని కాదని. ఇన్నొద్దులు నా ఎంబడి తిరిగినవు. మొదటిసారి ఒక్కదానివి పని పట్టుకొని గిట్ల జేసినవ్. రేపటి సంది ఇంట్ల కూసో. సార్, నేల నేను బాగు చేయిస్త. మాఫ్ చేయుండ్రి.”

“నాయినా, నేను సరిగ్గనే…” ఎన్నో రోజులు బతిమాలితే చేతికొచ్చిన పని అది.

“ఇదెక్కడి ఖర్మండీ!” కుసుమకుమారి గారు కొంగు దోపారు. “రెండు రోజులు పంపు కట్టేసి పెరట్లో స్నానాలు చేశాం. ఇప్పుడు ఈ నేల బాగయ్యేదాకా అక్కడేనా?”

సంతోషి తల ఎత్తింది. “పెరట్ల ఎందుకు చేసిండ్రు ఆంటీ?”

“మరి నువ్వే కదమ్మా బాత్రూంలో పంపు కట్టేయమన్నావ్!”

“బాత్రూంల పంపా? అది నల్లా గదా!”

“నల్లా ఏవిటి? నీళ్లొచ్చేది పంపు. మా కాకినాడలో పంపనే అంటాం.”

“మా దిక్కు పంపంటే మోటరు ఆంటీ! ట్యాంకుకు నీళ్లెక్కిచ్చే మోటరు బంద్ పెట్టమన్న నేను. నల్లా అయితే నల్లా అనే అంటుంటి గదా!”

అందరూ వినయ్ వైపు చూశారు. వినయ్ గోడ వైపు చూశాడు.

“మోటర్ రోజూ వేస్తూనే ఉన్నాం,” అన్నాడు చిన్నగా.

సంతోషి పరుగున వెళ్లి మోటర్ వేసింది. వచ్చి మరక పక్కన చెవి ఆనించింది. వినయ్ కూడా మరకకి ఇటుపక్క చెవి ఆనించాడు. గోడలో సన్నగా బుసకొట్టినట్టు చప్పుడు. ఇద్దరి ముక్కుల మధ్య జానెడు గోడ.

“ట్యాంకుకు పోయే పైపే! మోటరేసినప్పుడే కారుతుంది. రెండు దినాలు మోటరు ఆపితే మరక ఆరుతుండె. మీరు ఒక్కమాట అడిగితే ఏంబోయె?”

“అడగాల్సింది.” వినయ్ లింగస్వామి వైపు తిరిగాడు. “తప్పు నాది మేస్త్రీ గారూ. తను చెప్పింది సరైన పద్ధతే. నాకు అర్థం కాకపోయినా అర్థమైనట్టు తలూపాను. బాత్రూం నేల మేమే వేయించుకుంటాం. మిగతా పని కూడా తనే చేయాలి.”

“సగం తప్పు నాది,” అంది సంతోషి. “మోటరు అని చెప్పకపోతి.”

లింగస్వామి ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. “అయితే పైపు మార్చేదాక చూస్త,” అని స్కూటర్ ఎక్కాడు.

పైపు మార్చడం ఒక్కరోజులో అయిపోయింది. ఈసారి సంతోషి దాన్ని గోడలో పూడ్చకుండా బయటినుంచే వేయించింది. గోడ ఎండేదాకా రంగు ముట్టుకోవద్దని జోగారావు గారికి గట్టిగా చెప్పింది. ఎండిందో లేదో చూడటానికి వారం వారం వచ్చింది. తర్వాత వారం మధ్యలో కూడా వచ్చింది.

“అన్నయ్యా, ఈ గోడకి ఐసీయూ పేషెంటుకి కూడా రానన్ని విజిట్లు వస్తున్నాయి,” అంది మృదుల.

ఒక సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో బాత్రూంకి టైల్స్ కొని వస్తుంటే వాన పట్టుకుంది. వినయ్, సంతోషి మెట్రో స్టేషన్ మెట్ల కింద ఆగారు.

“గోడ ఎండిపోతోంది కదా,” అన్నాడు వినయ్ దిగులుగా.

“ఎండొద్దని మొక్కుకుంటున్నవా ఏంది?”

“అదే చేస్తున్నా.”

“పిచ్చి మనిషివి నువ్వు! మూడు వారాల సంది గిదొక్క మాట చెప్పడానికి గింత పరేషాన్ చేస్తివి.” ఆమె ముఖం మీది వాన చుక్కలు తుడుచుకుంది. “అడగాల్సింది సక్కగ అడుగు. మళ్లీ తలూపుడు వద్దు.”

“నన్ను పెళ్లి చేసుకుంటావా?”

“చేసుకుంట. పని మాత్రం మాన. పెళ్లయినంక సుత్తి పక్కన పెట్టు అంటే నడవది.”

“అనను.”

“మా ఇంట్ల నేను చెప్త. మీ ఇంట్ల నువ్వు చెప్పు.”

శుక్రవారం ఉదయం హాల్లో షేడ్ కార్డు చుట్టూ పోట్లాట సాగుతోంది. జోగారావు గారికి లేత పసుపు కావాలి. మృదులకి బూడిద రంగు కావాలి. వినయ్ వాళ్ల మధ్యలోకి వచ్చి, సంతోషి గురించి చెప్పాల్సిందంతా చెప్పేశాడు. ఆమె పని మానదన్న సంగతీ చెప్పాడు.

జోగారావు గారు షేడ్ కార్డు మడిచారు. “మనవాళ్లు కాదు కదరా. మాటే వేరు, పద్ధతులు వేరు. రేపు ఆ పిల్ల ఒకటంటే మీ అమ్మ ఇంకొకటి అనుకుంటుంది. మళ్లీ ఏం పగులుతుందో!”

“నన్నెందుకు లాగుతారు మధ్యలో?” అన్నారు కుసుమకుమారి గారు. వంటింట్లోకి వెళ్లి స్టవ్ ఆపి వచ్చారు. కొంగుతో చేతులు తుడుచుకుంటూ చాలా మెల్లగా అన్నారు.

“ఆదివారం ఎవరూ ఏ పనీ పెట్టుకోకండి. అందరం కలిసి ఎల్‌బీ నగర్ వెళ్తున్నాం, లింగస్వామి గారింటికి. పిల్లనిమ్మని అడగాల్సింది మనమే.”