గాలిమోటర్ గడ్డ ఎవలది?

పొద్దుగూకినంక రాళ్లవాగు ఊరోళ్లు గాలిమోటర్ గడ్డ దిక్కు మొకం గూడ తిప్పరు.

బోధన్ పొయ్యే తొవ్వల, చెరుకు చేన్ల నడుమ ఉంటదది. ఎనుకట చెరుకుకు మందు కొట్టే చిన్న ఇమానాలు, అవే గాలిమోటర్లు, ఆడ దిగేటియట. ఇప్పుడు ఇమానం లేదు, నడిపెటోడు లేడు. పొడుగ్గ తారు పోసిన బాట, తుప్పు వట్టిన రేకుల షెడ్డు, సుట్టూ ముండ్ల తీగ, ఒక ఇనుప గేటు... గంతే. పేరుకు మాత్రం ఎయిర్‌పోర్టు.

అమాస రాత్రి ఆడ ఒక దీపం నడుస్తదట. మనిషి కనవడడు. దీపం ఒక్కటే... మోకాలెత్తున... మెల్లగ వస్తది. బాట నడిమిట్ల ఆగుతది. కింద కూసుంటది. మల్ల లేస్తది. ఊర్ల ముత్యమనేటోడు ఒకపారి కల్లు తాగొస్తుంటె చూసిండు. "నన్ను చూసే ఆగిందిరా అది" అనుకుంట జరమొచ్చి మంచంల వడ్డడు. లేసినంక బోధన్‌కు సుట్టు తిరిగి పోవుడు మొదలువెట్టిండు.

అయితే ఆ దెయ్యంతోని ఊరికి ఒక ఫాయిదా గూడ ఉండె. పసుపు ఉడకవెట్టినంక ఎండవొయ్యాలె గదా, ఆ తారు బాటను మించిన కల్లం ఎక్కడ దొరుకుతది? పగటీలి పోసుడు, అటిటు కలిపి నెరుపుడు, పొద్దుగూకక ముందే ఇండ్లకు ఉరుకుడు. వేరే ఊర్లల్ల పసుపు కాడ రాత్రి కాపలా పండుకోవాలె. రాళ్లవాగోళ్లకు ఆ బాధ లేదు. ఆడికి దొంగ గూడ రాడు. దెయ్యమే కాపలా.

ఆత్మారాం గూడ గా ధైర్యంతోనే ఏడాది పంటంత ఆడ పోసిండు. ఈసారి తవ్వుడు ఆలస్యమైంది. అందరు ఎత్తుకపోయిండ్రు, గడ్డ మీద ఆయన పసుపొక్కటే మిగిలింది. అమాస తెల్లారి నెరుపుదామని పోయి చూస్తె...

గేటుకు తాళం.

కొత్త తాళం. బోర్డు లేదు. మనిషి లేడు. ఎవలేసిండ్రో చెప్పెటోడు లేడు.

"రాయి తీస్కొని ఒక్కటేస్తె ఊడి కింద వడ్తది," అన్నడు ఆత్మారాం.

"ఊడేది తాళం గాదు బాపు, నా నౌకరి," అన్నడు కొడుకు మధుకర్.

పిలగాడన్నది నిజమే. డిగ్రీ అయినంక నిజామాబాద్‌ల రూం తీస్కొని, పొద్దుమాపు ఒక్కటే అన్నం వండుకొని సదివితె, ఈసారి కానిస్టేబుల్ లిస్టుల పేరొచ్చింది. ఇగ పోలీసోళ్ల వెరిఫికేషన్ ఒక్కటే బాకి. గిప్పుడు పేరు మీద చిన్న కేసువడ్డా కొలువు గోవిందా. ఆ లిస్టు వచ్చిన కాన్నుంచి మధుకర్‌కు నిద్ర లేదు. హెల్మెట్ లేకుంట చౌరస్తా గూడ దాటుతలేడు.

"ఎవలదో తెల్వకుండ దాన్ని ముట్టద్దు. నేన్ పోయి ఓనరును అడిగి తాళంచెవి తెస్త."

"మబ్బు వట్టిందిరా... తడిస్తె నల్లవడ్తది. అటెన్క మార్కెట్ల ఎవడు ముట్టడు."

"గంటల వస్త బాపు."

గంట అన్నడు. పాపం.

ముందుగాల తహసీల్ ఆఫీసుకు పోయిండు. క్లర్కు తలకాయ లేపకుంటనే చెప్పిండు. "గాలిమోటర్ గడ్డనా? మాది గాదు తమ్మీ. మందు కొట్టే కంపెనోళ్లది. బోధన్ పో."

బోధన్‌ల ఆ కంపెనీ ఉన్న జాగల ఇప్పుడు సెల్‌ఫోన్ల దుక్నం ఉంది. దుక్నపాయన నవ్విండు. "కంపెనే లేకపాయె, దానికి ఎయిర్‌పోర్టా! బ్యాంకోళ్లు జప్తు చేసిండ్రట. ఆడ అడుగు. అన్నట్టు, నీ ఫోన్‌కు గిలాస్ పలిగింది, కొత్తది ఏపియ్యాల్నా?"

బ్యాంకుల ఇంకో మాట. "మేము ఎప్పుడో ఇడిచిపెట్టినం. ఎయిర్‌పోర్టంటె ఢిల్లీ సర్కార్ చూస్తది."

ఢిల్లీకి ఫోన్ చేసిండు. పాట వెట్టిండ్రు. పాట అయిపోయి మల్ల అదే పాట. చివరికి ఒక ఆడామె హిందీల గద్దరిచ్చింది — నిజామాబాద్ దిక్కు గట్లాంటి ఎయిర్‌పోర్టే మా కాడ లేదు, మీ తహసీల్దార్‌ను అడుగుండ్రి.

మధుకర్ మల్ల క్లర్కు ముందట నిలవడ్డడు.

"మల్లొచ్చినవా?"

"ఢిల్లీ దాక పోయి మీ టేబుల్ కాడికే వచ్చిన సార్." ఏడుపొక్కటే తక్కువ. "మీది గాదు, కంపెనీది గాదు, బ్యాంకుది గాదు, ఢిల్లీది గాదు. మరి తాళమెవలేసిండ్రు?"

"నాకేం ఎర్క?"

"ఎవలదీ గాకపోతె నేన్ పలగ్గొట్టుకుంట!"

క్లర్కు గప్పుడు తలకాయ లేపిండు. "పలగ్గొడ్తె అందరు ఓనర్లైతరు తమ్మీ. కేసు గూడ అందరు వెడ్తరు."

బయటికొస్తుంటె మొకం మీద చల్లగాలి కొట్టింది. గోదావరి దిక్కు ఆకాశం నల్లగైతాంది.

ఇంటికొచ్చి, పసుపు మీద కప్పే ప్లాస్టిక్ బర్కాలు బండికి కట్టుకున్నడు. ఆత్మారాం చెయ్యి వట్టి ఆపిండు. "చీకటైందిరా... పసుపు పోతె పోనియ్యి."

"తాళం ముట్ట బాపు. తీగ దుంకి కప్పొస్త."

"నేననేది తాళం సంగతి గాదు..." అని గొంతు తగ్గించిండు ఆత్మారాం.

పొద్దంత తిరిగిన కోపం మీదున్నడు మధుకర్. దెయ్యమొస్తె దాన్నే అడుగుత ఓనరెవలని, అనుకున్నడు. కోపం చెరుకు చేన్ల దాకనే వచ్చింది. బండి ఆపి లైటు బందు చేసెవరకు... ఎటు పోయిందో పోయింది.

కీసురాళ్లు గూడ గప్‌చుప్. చెరుకాకు మీద చెరుకాకు రాసుకుంటున్న సప్పుడొక్కటే.

ఎనుక దిక్కు తీగ దుంకిండు. పాయింటు చర్రున చినిగింది. బర్కాలు నెత్తిమీద పెట్టుకొని తారు బాట మీదికి ఉరికిండు. పసుపు వాసన తగిలింది. ఇంకా తడవలే. ఒక బర్క ఇప్పి పరిచిండు. ఇంకోటి ఇప్పబోయి... ఆగిండు.

బాట ఆ కొసకు ఎలుగు.

మోకాలెత్తున... మెల్లగ... వస్తాంది.

మధుకర్ పండ్లు గిట్టకరుచుకున్నడు. చేతుల ఉన్న బర్కను అడ్డం వట్టుకున్నడు. దీపం ఆగింది. మల్ల కదిలింది. సక్కగ తన దిక్కే. దగ్గరికొచ్చింది... ఇంకా దగ్గరికి...

"గట్ల కప్పకు."

మెల్లగ, గర్‌గర గొంతు.

"పర్సిన పసుపు మీద కప్పితె అడుగుకెల్లి నీళ్లు వోతయి. ముందుగాల కుప్ప జెయ్యి."

కందిలి ఎనుక ఒక ముసలవ్వ మొకం తేలింది. చీర కుచ్చెండ్లు పైకి చెక్కుకున్నది, నడుం ఒంగిపోయింది. దీపం అందుకే అంత కిందికి నడుస్తది.

"న... నువ్వు..."

"తర్వాత అడుగుదువు తియ్యి. సినుకులొస్తున్నయి."

ఇద్దరు చేతుల్తోని, కాళ్లతోని, బర్క కొసల్తోని పసుపును దగ్గరికి నూకిండ్రు. అవ్వ రొప్పుకుంటనే ఆగలేదు. కుప్ప మీద బర్కాలు కప్పి అంచుల మీద రాళ్లు పెట్టిండ్రో లేదో, వాన దంచింది. రేకుల షెడ్డుల దూరిండ్రు.

"మనిషివే గదా అవ్వా?" అన్నడు మధుకర్. అడిగినంక సిగ్గయింది.

"నా మోకాళ్లనడుగు, సెప్తయి. పేరు సుమిత్రమ్మ. మాక్లూర్ల నా బిడ్డ కాడ ఉంట. గేటు తీసే ఉండె గదరా, తీగల వడి ఎందుకొచ్చినవ్?"

"గేటు... ఎవలు తీసిండ్రు?"

"ఏసినదాన్నే తీసిన." కొంగు ముడి ఇప్పి తాళంచెవి చూపిచ్చింది. "మొన్న ఎవలో టేపులు వట్టి కొల్సిండ్రట, సున్నం గీతలు గీసిండ్రట. తవ్వుతరేమోనని బుగులైంది. రాత్రి వచ్చి తాళమేసిన. గీ కందిలి ఎలుగుకు నీ పసుపు కనవడలే. పోతుంటె వాసనొచ్చింది గని, ఆటో పోతదని ఉరికిన. ఇయ్యాల మబ్బు సూస్తె మనసున వట్టలే, మల్లొచ్చిన."

మధుకర్‌కు నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలేదు. పొద్దంత ఆఫీసులు తిరిగి ఢిల్లీని గూడ అడిగిండు. తాళంచెవి మాక్లూర్ల ముసలవ్వ కొంగుల ఉండె.

"అమాస దీపం గూడ నువ్వేనా? మరి మా ఊరోళ్లకు చెప్పొద్దా?"

"ఎర్కున్నోళ్లు సచ్చిపోయిండ్రు. లేనోళ్లు నన్ను సూడంగనే ఉరుకుతరు. ఇగ సెప్పుడెప్పుడు?"

తాళంచెవి వాని చేతుల పెట్టింది. "పొద్దుగాల ట్రాక్టర్ దెచ్చి తీస్కపో. మల్ల తాళమెయ్యి మాత్రం."

వాన ఎలిసింది. కుప్ప చూద్దామని ఇద్దరు బాట మీదికొచ్చిండ్రు. మధుకర్ బర్క లేపి చెయ్యి పెట్టి చూసిండు. పొడిగనే ఉంది. పొద్దటి సంది గుండెల మీదున్న రాయి దిగింది. గప్పుడు అడిగిండు.

"అవ్వా, ఒక్కటి చెప్పు. గీ గడ్డ నీదేనా?"

"నాదేంది బిడ్డ. గీడున్నోళ్లది."

"ఎవలున్నరు?"

సుమిత్రమ్మ కందిలి వాని కాళ్ల కాడికి దించింది. "నువ్వు నిలవడ్డ కాడ మా మామ."

మధుకర్ పక్కకు ఎగిరిండు.

"ఆడ మా అత్త."

ఇంకో ఎగురు.

"బుగులువడకు, మంచోళ్లే. ఇది మా పొలం గదా. మా కులపోళ్లం సచ్చినోళ్లను సొంత పొలంలనే పెట్టుకుంటం. ఇమానాలు పోయినంక మీ భూమి మీకిస్తమని కంపెనోళ్లు మా మామకు నోటిమాట సెప్పిండ్రు. గోరీల మీదికెల్లి తారు వోసిండ్రు. ఇమానాలు వొయినయి... భూమి రాలే. అమాసకు దీపం పెట్టకుంట మావోళ్లను సీకట్ల ఉంచుదునా?"

మధుకర్ ఎటు అడుగెయ్యాల్నో తెల్వక, తారు పగిలి గడ్డి మొలిచిన జాగ చూసుకొని, అవ్వ పక్కకు మెల్లగ జరిగిండు.

"ఈడ... ఈడ నిలవడొచ్చా అవ్వా?"

సుమిత్రమ్మ కందిలి ఎత్తి ఆ జాగ దిక్కు చాలసేపు చూసింది. వాని భుజం మీద చెయ్యేసింది. చెయ్యి చల్లగుంది.

"నిలవడు బిడ్డ. నా కోసం ఉంచుకున్న జాగ, గందుకే గదా తాళమేసింది. ఈడ ఎవ్వలు లేరు..."

దీపం గాలికి ఒక్కపారి వణికింది.

"...ఇంకా."