బాల్కనీ సోలార్‌కు గట్టి అభ్యంతరం

"మీ బాల్కనీలో ఆ సోలార్ పలక పెట్టడానికి వీల్లేదండీ," అన్నాడు హెన్నింగ్, తలుపు తెరుచుకోగానే.

తలంటుకుని వచ్చినట్టుంది, మైకె జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి. "ఎవరన్నారు? చట్టమా?"

"మా నానమ్మ."

"అమ్మో, అయితే సుప్రీంకోర్టే!"

జర్మనీలోని బ్రెమెన్‌లో ఆ ఇల్లు హెన్నింగ్ నానమ్మ గేషెది. మూడో అంతస్తులో మైకె అద్దెకుంటోంది. పలకను బాల్కనీ కమ్మీకి బిగించి, వైరు గోడ ప్లగ్గులో పెడితే పగలంతా ఇంటి కరెంటు ఇంట్లోనే పుడుతుంది. ఇల్లుగలవాళ్లను అడగాలి, నిజమే. కానీ చట్టం మారింది. గట్టి కారణం లేనిదే వాళ్లు కాదనకూడదు.

మైకె చెప్పిన ఆ మాటే హెన్నింగ్ కింద ఉండే నానమ్మకు మోసుకెళ్లాడు.

"అయితే వెళ్లి గట్టి కారణం వెతుకు," అంది నానమ్మ.

హెన్నింగ్ మళ్లీ పైకెళ్లి కమ్మీ పట్టుకుని ఊపాడు. ఉక్కుపిండంలా ఉంది. మర్నాడు వానలో కొలతలు తీశాడు.

"టేపు తిరగేసి పట్టుకున్నారు," అంది మైకె, గొడుగు పడుతూ. ఆ గొడుగు ఇద్దరికీ చాల్లేదు. అయినా లోపలికి వెళ్దామని ఎవరూ అనలేదు. తరవాత గాలి ఎటు వీస్తుందో చూడాలన్నాడు. ఆ తనిఖీకి బోలెడంత కాఫీ, వెన్న కేకు ఖర్చయ్యాయి.

చివరికి మైకె చిరాకుపడింది. "ఇంకా నాన్చితే ఇల్లు ఖాళీ చేస్తాను. వేరేచోట ఎండ లేదా?"

హెన్నింగ్ టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

"కారణమేం లేదండీ. మొదటిరోజే తెలుసు."

"మరి ఈ కొలతలేంటి?"

"సరేనంటే... మళ్లీ రావడానికి సాకుండదుగా."

మైకె గుడ్లప్పగించి చూసింది. ఇంతలో ఆయాసపడుతూ నానమ్మే మెట్లెక్కి వచ్చింది. కుర్చీలో కూలబడి కాఫీ అడిగింది. మనవడు తిన్నగా వెళ్లి సొరుగులోంచి చెంచా తీసిచ్చాడు.

"ఈ ఇంట్లో చెంచాలెక్కడుంటాయో నీకెలా తెలుసురా?"

హెన్నింగ్ చెవులు కందిపోయాయి.

"పలక పెట్టుకో అమ్మాయ్," అంది నానమ్మ, నవ్వు దాచుకుంటూ. "వీణ్ణి కూడా భరిస్తానంటే నాకేం అభ్యంతరం లేదు."

ఆవిడ దిగిపోయాక మైకె తలుపు దగ్గర ఆగింది. నవ్వుతోందో కోపంగా ఉందో హెన్నింగ్‌కు అర్థం కాలేదు.

"రేపు పలక బిగించాలి, పట్టుకోవడానికి మనిషి కావాలి. ఎల్లుండి మాత్రం," అంటూ మొదటిసారి 'మీరు' వదిలేసింది, "ఏ సాకూ లేకుండా రా నువ్వు."