కుర్చీ మీది ఏప్రాన్

చర్చి నుంచి దోర్కా నేరుగా నాచారం వచ్చేసింది. ఉప్పల్‌లో అద్దె గదికి పోయినా గోడలతో తప్ప మాట్లాడేదెవరితో? తను పనిచేసే, ఆసుపత్రి గౌన్లు కుట్టే కంపెనీ గేటు దగ్గర వాచ్‌మన్ బిక్షపతి ఒక్కడే ఉన్నాడు.

"నీకు సండే గూడ లేదు. మీ సారే పెండ్లి గూడ జేస్తడా బిడ్డా?"

"జేస్తడన్నా. ప్రింటర్‌తోని."

లోపల కుట్టుమిషన్లన్నీ గుడ్డలు కప్పుకుని ఉన్నాయి. దోర్కా ఏప్రాన్ తొడుక్కుని లేబుల్ గదిలో కంప్యూటర్ తెరిచింది. రేపు చేరే అమ్మాయిలకు లేబుళ్లు చేయాలి. తెర మీద పేరు, నంబరు పేర్చితే ప్రింటర్ వాటిని అచ్చు వేసి, కాగితం లోపలి చిప్‌లో కూడా ఆ నంబరు రాస్తుంది. చిప్ రాయనివ్వకపోతే లేబుల్ చెల్లదని దాని మీద పెద్దగా 'వాయిడ్' అని కొట్టి తోసేస్తుంది. మంచి లేబుల్‌ను ఏప్రాన్ భుజానికి కుడతారు. ఇక ఆ మనిషి ఎక్కడుందో గేటు దగ్గర తెర పచ్చలైటుతో చెబుతుంది.

ఆడవాళ్ల భద్రత కోసమన్నారు యజమానులు. బాత్రూంలో ఎంతసేపున్నారో చూడడమే ఆ భద్రత. అందుకే ఆడవాళ్లు ఏప్రాన్ విప్పి కుర్చీకి తగిలించి వెళ్లేవాళ్లు. పోయిన ఎండాకాలం కౌసల్యమ్మ కూడా అట్లాగే వెళ్లింది. బాత్రూం గొళ్లెం బిగుసుకుంది. లోపలే గుండె ఆగింది. తెర మీద మాత్రం సాయంత్రం దాకా ఆమె కుర్చీలో పని చేస్తూనే ఉంది. ఎవరూ వెతకలేదు.

తర్వాత కంపెనీ ఆ తలుపుకు రంగు వేయించింది. గొళ్లెం మార్చలేదు.

ఫోన్ మోగింది. సూపర్‌వైజర్ గిరిప్రసాద్.

"కౌసల్యమ్మ నంబర్ ఖాళీగనే ఉంది గదా. కొత్త పిల్ల సాయి ప్రియకు అదే ఇయ్యి."

"ఆమెది వద్దు సార్..."

"సచ్చినోళ్లకు నంబరెందుకు? పొద్దుగాల లేబుల్ లేకపోతే నువ్వు గూడ రాకు."

దోర్కా ప్రింట్ నొక్కింది. వాయిడ్. మళ్లీ నొక్కింది. వాయిడ్. సీలు తీయని కొత్త రోల్ విప్పి, ఒక ఖాళీ లేబుల్‌ను చిప్ చదివే రీడర్ కింద పెట్టింది. తెర మీద కౌసల్యమ్మ నంబరు. ఇంకొకటి పెట్టింది. అదే నంబరు.

వేడెక్కిన ప్రింటర్ రిబ్బన్ వాసనలో మరో వాసన సన్నగా కలిసింది. తలనొప్పి బామ్. కౌసల్యమ్మ రోజూ కణతలకు రాసుకునేది.

"సరే అత్తా," అంది దోర్కా. "నీది నీకే."

సాయి ప్రియకు వేరే నంబరు వేసింది. ఈసారి లేబుల్ చక్కగా వచ్చింది. మిగతావాటి పక్కన బల్ల మీద పెట్టి, అలవాటుగా ఏప్రాన్ విప్పి కుర్చీకి తగిలించి, ఫోన్ పట్టుకుని బాత్రూంకు వెళ్లింది. బిల్డింగంతా ఖాళీగా ఉన్నా గొళ్లెం పెట్టుకుంది. ఆడవాళ్లకు అది ఊపిరి తీసుకున్నంత అలవాటు.

తిరిగి తీయబోతే... గొళ్లెం కదలలేదు.

తలుపు బాదింది. చేతులు మండాయి. బిక్షపతికి ఫోన్ చేసింది.

"అన్నా, బాత్రూంల ఇరుక్కున్న. జర రా."

"మజాక్ జేయకు బిడ్డా. నువ్వు సీట్లనే ఉన్నవ్. పచ్చలైటు కనబడుతుంది."

"అది ఏప్రాన్ అన్నా! నేను ఈడున్న!"



"మరి... లేస్తున్నవేంది?"

"ఎవరు?"

"నువ్వే. మిషన్ల నడుమకెల్లి వస్తున్నవ్... బాత్రూం దిక్కు..."

అడుగుల చప్పుడు లేదు. బామ్ వాసన మాత్రం దగ్గరైంది. తలుపు కింది సందులో వెలుతురు ఆరిపోయింది. ఆమె కళ్ల ముందే, లోపలి గొళ్లెం... మెల్లగా... పక్కకు జరిగింది.

బయట ఎవరూ లేరు. తలుపు పిడికి ఆమె ఏప్రాన్ వేలాడుతోంది. ఎవరో ఇప్పుడే విప్పినట్టు వెచ్చగా ఉంది.

ఏప్రాన్ లాక్కుని గేటు దాకా పరుగెత్తాక గానీ దోర్కాకు ఏడుపు రాలేదు. ఇన్నేళ్లలో తనను వెతుక్కుంటూ వచ్చింది ఆ ఒక్కతే.

బిక్షపతి ఆమెకు నీళ్ల సీసా ఇచ్చాడు. కళ్లు మాత్రం తెర మీదే ఉన్నాయి.

"బిడ్డా, కొత్త పిల్లలు చేరేది రేపు గదా?"

"ఔ అన్నా."

"లేబుళ్లు ఏడబెట్టినవ్?"

"బల్ల మీదనే."

అతను తెరను ఆమె వైపు తిప్పాడు. బాత్రూం దగ్గర పచ్చలైటు వెలుగుతోంది. పక్కన పేరు, సాయి ప్రియ.