లోపలి పట్టీ

ఫస్ట్ షిఫ్టుకు పోయేవాళ్ళకు సైరన్ ఎంతో, సాయమ్మ కుట్టుమిషనూ అంతే. తెల్లారేసరికి ఆ చప్పుడుకు వరుసలోని క్వార్టర్లన్నీ లేచి కూర్చుంటాయి. గోదావరిఖనిలో ఆ బొగ్గుగనుల కాలనీ ఆడవాళ్ళలో ఆమె కుట్టిన జాకెట్టు తొడగనివాళ్ళు తక్కువ. "సాయమ్మక్క కుడితే మనిషి నాజూగ్గ కనబడ్తది" అంటూ నస్పూర్ నుంచి కూడా బట్ట పట్టుకొస్తారు. ఆ మాట వింటే ఆమెకు కడుపు నిండిపోతుంది. పొగడ్తలకు పడని మనిషిలా ముఖం పెట్టి, ఆ రోజు కాజాలు మాత్రం మరింత శ్రద్ధగా కుడుతుంది.

ఆ పొద్దున మిషన్ మీద ఉన్నది కూతురు ఎవాంజెలిన్ డ్యూటీ చొక్కా. లోపలివైపు ఛాతీ మీదుగా రెండు మడతల క్యాన్వాస్ పట్టీ వేసి, పక్కన గట్టి హుక్స్ పెడుతోంది సాయమ్మ. పైనుంచి చూస్తే అది మామూలు నీలం చొక్కా. లోపల హుక్స్ బిగిస్తే మాత్రం పిల్ల నిండైన ఛాతీ అణిగిపోయి, మనిషి పలకలాగా తయారవుతుంది. ఎవాంజెలిన్ డిగ్రీలో చేరిన ఏడాది మొదలుపెట్టిన పని ఇది. ఇప్పుడామెకు ఇరవై ఏడు. ఎన్ని చొక్కాలకు, ఎన్ని కుర్తాలకు ఆ పట్టీ వేసిందో కుట్టిన తల్లికే గుర్తులేదు.

"ఎవా! వచ్చి తొడిగి చూడు బిడ్డా. పాతది జెర లూజైంది కదా, గిది ఇంకింత లోపలికి పట్టిన" అని కేకేసింది.

ఎవాంజెలిన్ అద్దం ముందు నిలబడి జడ వేసుకోవాలని చూస్తోంది. చెయ్యి భుజం దాటి పైకి లేవడం లేదు. మెడ పట్టుకుని ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. ఇక లాభం లేదని దువ్వెన పక్కన పెట్టి, జుట్టు కిందికే ముడేసుకుని బయటికొచ్చింది.

"అమ్మా, ఎండ చూస్తున్నవు కదా. స్టోర్ల రేకుల కింద నిలబడితే పానం పోతున్నట్టుంది. ఈ ఎండకాలమన్న గా పట్టీ తీసెయ్యరాదే."

"తీసేసి? అంతమంది మొగోళ్ళ నడుమ డ్యూటీ నీది. ఒక్క కన్నా నీ మీద పడేది?"

"ఊపిరి ఆడుతలేదమ్మా."

"నాకు ఆడుతుందా? నేను నీ లెక్కనే లేనా? మీ బాపుతోని ఇన్నేండ్లు కాపురం చేసిన. మెడ నొస్తుంది, వీపు నొస్తుందని ఒక్కనాడన్న దవాఖాన మెట్లెక్కిన్నా? ఆడోళ్ళన్నంక ఇవన్ని ఉంటయి."

వరండాలో టీ తాగుతున్న సామ్యేల్ గట్టిగా దగ్గాడు. బొగ్గుబాయిలో దిగీ దిగీ ఊపిరితిత్తులు చెడిపోతే కంపెనీ ఆయన్ను అన్‌ఫిట్ చేసింది, ఆ ఉద్యోగమే కూతురికొచ్చింది. అప్పటినుంచి ఆ ఇంట్లో ఊపిరాడకపోవడమంటే ఆయనొక్కడి సొంత ఆస్తి. ఇంకెవరు ఆ మాటన్నా చెవిన పెట్టేవాళ్ళు లేరు.

"పిల్లను పోనియ్యే, బస్సు పోతది" అన్నాడు దగ్గు ఆగాక.

ఎవాంజెలిన్ లోపలికి పోయి కొత్త చొక్కా తొడుక్కుంది. హుక్స్ పెట్టుకునేటప్పుడు ఆమె పంటి బిగువున తీసిన మూలుగు వంటింట్లోకి వినిపించింది. సాయమ్మ పప్పుకు తాళింపు వేస్తూ దాన్ని వినీ విననట్టు ఊరుకుంది.

ఎండ ముదిరాక ఫోన్ మోగింది.

"చిన్నమ్మా, నేను హర్షిణిని, ఎవక్కతోని స్టోర్ల చేస్త. అక్క సామాన్లు ఎత్తుకుంట ఎత్తుకుంటనే కింద పడిపోయింది. కంపెనీ దవాఖానకు తీస్కొచ్చినం. నువ్వు జల్ది రా."

సాయమ్మ పొయ్యి ఆర్పేసింది. సామ్యేల్‌ను పక్కింటివాళ్ళకు అప్పజెప్పి, ఉన్నపాటున ఆటో ఎక్కింది. దారి పొడవునా ప్రభువును పేరు పెట్టి పిలుస్తూనే ఉంది.

దవాఖానలో సాయమ్మ తెర పక్కకు జరిపింది. చొక్కా విప్పడానికి వీలుకాక సిస్టర్ కత్తెరతో కోసినట్టుంది. సాయమ్మ కుట్టిన పట్టీ ట్రేలో రెండు ముక్కలై పడివుంది. మంచం మీద ఎవాంజెలిన్ కళ్ళు తెరిచే ఉంది, పైన పల్చటి దుప్పటి కప్పారు. సిస్టర్ మందు రాయడానికి దుప్పటి కాస్త తీసినప్పుడు సాయమ్మ చూసింది. భుజాల మీద పట్టీలు దిగబడి గుంటలు పడ్డాయి. రొమ్ముల కింద చెమటకు నాని, ఒరుసుకుని చర్మం లేచిపోయింది. కొన్నిచోట్ల పాత మచ్చలు, వాటి మీదనే కొత్త పుండ్లు. ఇన్నేళ్ళూ బిడ్డ ఒంటిని ఆమె బట్ట మీదనుంచే టేపు పెట్టి కొలిచింది, కింద ఏముందో ఒక్కసారీ అడగలేదు.

"ఎవడమ్మా గీ టైలరు? చొక్క కుట్టుమంటే మూట కట్టిండు!" అంది సిస్టర్, పట్టీ ముక్కను వేళ్ళతో ఎత్తి చూపిస్తూ.

పక్కన కాగితం రాసుకుంటున్న డాక్టర్ సహస్ర కూడా తలెత్తింది. "ఎక్కడ కుట్టించుకున్నవ్ ఎవాంజెలిన్?"

ఎవాంజెలిన్ తల తిప్పి తల్లి వైపు చూసింది. ఒక్క చూపే, మళ్ళీ డాక్టర్ వైపు తిరిగింది.

"బజార్ల కుట్టించిన మేడమ్. ఎవరో టైలరు, పేరు తెల్వదు. మా అమ్మకు గీ సంగతి తెల్వదు."

"మళ్ళ ఆ షాపుకు పోకు. ఇంత బిగిస్తే ఊపిరెట్ల ఆడ్తది? అందులో ఈ ఎండల!" అని డాక్టర్ సాయమ్మ వైపు తిరిగింది. "మీరన్నా ఆ టైలర్‌కు గట్టిగ చెప్పుండ్రి అమ్మా."

"చెప్తం" అంది సాయమ్మ. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందంటే ఆమెకే నమ్మబుద్ధి కాలేదు.

డాక్టర్ ఓపికగా చెప్పింది. ఛాతీ బరువు వల్ల మెడ, భుజాలు, వెన్ను ఎప్పటినుంచో దెబ్బతింటున్నాయట. అణచికడితే బరువు తగ్గదు, నొప్పి పెరుగుతుంది. ముందు పుండ్లు మానాలి. వెడల్పు పట్టీలతో, కొలతకు సరిగ్గా అమరే మెత్తటి లోబట్టలు వేసుకోవాలి, వ్యాయామాలు చెయ్యాలి. అవి చేసినా నొప్పి తగ్గకపోతే, తనకే కావాలనిపిస్తే, బరువు తగ్గించే ఆపరేషన్ ఉంది, హైదరాబాద్‌కు రాసిస్తానంది. ఎవాంజెలిన్ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అన్నీ ముందే తెలిసినట్టు తలూపుతూ ఉంది. అది చూసి సాయమ్మకు ఇంకా భయమేసింది.

సాయంత్రం ఇంటికొచ్చి, బిడ్డకు ఇంత జావ తాగించాక, ఇక ఉండబట్టలేక అడిగింది.

"దవాఖానల అబద్ధం ఎందుకు చెప్పినవే?"

"మరి నిజం చెప్పాలెనా? మా అమ్మనే కుట్టిందని, అంతమంది ముంగట? ఆ సిస్టర్ మన కాలనీకే కొత్తగ వచ్చింది. తెల్లారేవరకు నీ మిషన్ ఇజ్జత్ ఏమైతుండె?"

"నేను నీ మంచికే చేసిన బిడ్డా."

"నా మంచికి కాదమ్మా. నీ భయానికి చేసినవ్." ఎవాంజెలిన్ గొంతు పెంచలేదు. "రెండేండ్ల కింద నేను ఆపరేషన్ మాటెత్తితే ఏమన్నవ్? దేవుడిచ్చిన ఒళ్ళును కోయించుకుంటవా అన్నవ్. రేపు కట్టుకున్నోడు ఏమంటడన్నవ్. పిల్లలకు పాలెట్ల అన్నవ్. కట్టుకునేటోడు ఇంక రానే లేదు, పిల్లలు పుట్టనే లేదు. నొప్పి మాత్రం రోజు వస్తనే ఉంది."

"గప్పుడు నాకేం తెల్సు..."

"నువ్వు అడగలేదు. నేను చెప్పుడు బంద్ చేసిన. పడుకుంటే ఒక తీరు, కూసుంటే ఒక తీరు నొప్పి. మందు తెచ్చుకుని బాత్రూంల రాసుకునేది, నీకు కనబడకుంట." ఆమె గ్లాసు పక్కన పెట్టింది. "ఆపరేషన్‌కు పోత అమ్మా. నేను ఎప్పుడో అనుకున్నదే. బాపు తోడొస్త అన్నడు. నువ్వు రావొద్దు."

ఆ మాట కోపంగా అనివుంటే సాయమ్మ కొట్లాడేది, ఏడ్చేది, రెండు రోజులు అన్నం మానేసేది. ఆమెకు ఆ విద్యలన్నీ వచ్చు. కానీ ఎవాంజెలిన్ అలసిపోయిన గొంతుతో, నీళ్ళు తెమ్మన్నంత మామూలుగా అంది. సాయమ్మ ఖాళీ గ్లాసు తీసుకుని వంటింట్లోకి పోయింది.

మర్నాడు మిషన్ మోగలేదు. సాయమ్మ బీరువాలోంచి కూతురి బట్టలన్నీ తెచ్చి వరండాలో కుప్ప పోసుకుని, బ్లేడుతో కుట్లు విప్పుతూ కూర్చుంది. తన కుట్టు ఎంత గట్టిదో ఆమెకు ఆ రోజే తెలిసింది. ఒక్కో పట్టీ ఊడి రావడానికి గోళ్ళు నొప్పి పుట్టాయి. కొన్ని పట్టీల లోపలివైపు, మందు మరకలతో పాటు ఎండిపోయిన నెత్తురు మరకలున్నాయి. ఎప్పుడూ తన బట్టలు తనే ఉతుక్కుంటానని ఎవాంజెలిన్ పట్టుబట్టేది. బిడ్డ పనిమంతురాలైందని సాయమ్మ చర్చిలో పదిమందికి చెప్పుకుని మురిసింది.

సామ్యేల్ వచ్చి పక్కన కుర్చీ వేసుకున్నాడు.

"నీకు ముందే తెల్సు కదా?" అంది తలెత్తకుండానే.

"తెల్సు. చెప్పొద్దన్నది. చెప్పకపోవుడు నా తప్పే."

"నాకెందుకు చెప్పొద్దన్నది? నేనేమన్న పగదాన్నా?"

"నీతోని మాట్లాడ సందిస్తవా నువ్వు? కొలత తీస్కునేటప్పుడు సుత ఎదుటోళ్ళకు ఎంత కావాల్నో నువ్వే చెప్తవ్" అన్నాడు సామ్యేల్. నవ్వించాలని అన్న మాటే. సాయమ్మ నవ్వలేదు.

బ్లేడు కింద పెట్టింది. "అది డిగ్రీల చేరిన కొత్తల, నేను దాన్ని బస్సు ఎక్కియ్యడానికి పోయిన. బస్టాప్ కాడ ఇద్దరు పోరగాండ్లు దాన్ని చూసి కూతలు కూసిండ్రు. అది తల వంచుకుంది. ఆ మాట ఇప్పటికీ నా చెవులల్లనే ఉంది."

"మరి వాళ్ళనేమన్నవ్?"

"ఏమనలే." సాయమ్మ ఊడిన పట్టీని పక్కన పడేసింది. "వాళ్ళను ఒక్క మాట అనలే నేను. ఇంటికొచ్చి నా బిడ్డ బట్టలు బిగిచ్చిన. కూసింది వాళ్ళు, శిక్ష నా బిడ్డకేసిన! ఇన్నేండ్లు, నా చేతులతోనే..."

కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. దవాఖానలో తనన్న 'చెప్తం' గుర్తొచ్చి మరీ ఏడ్చింది. బిడ్డ పుండ్ల మీద పడుకుని కూడా తల్లి పరువు కాపాడింది. తను తల్లై ఉండి నోరు విప్పలేకపోయింది. సామ్యేల్ ఒక కుర్తా ఒళ్ళోకి తీసుకుని, కళ్ళజోడు సవరించుకుని, తనకు చేతకాని ఆ కుట్లు విప్పడం మొదలుపెట్టాడు.

పుండ్లు మానడానికి వారాలు పట్టింది. హర్షిణి తోడుపోయి కరీంనగర్‌లో కొలతకు సరిపోయే లోబట్టలు ఇప్పించింది. ఎవాంజెలిన్ ముఖంలో కాస్త తేట వచ్చింది, అన్నం సరిగ్గా తింటోంది. మెడనొప్పి మాత్రం పోలేదు. మళ్ళీ డాక్టర్‌కు చూపించుకోవాల్సిన రోజు ఆటో రాగానే సాయమ్మ కూడా వచ్చి ఎక్కి కూర్చుంది. రావొద్దన్నది హైదరాబాద్‌కే కదా, ఇక్కడికి కాదు కదా అని తనకు తానే నచ్చజెప్పుకుంది. కూతురు కొంచెం పక్కకు జరిగి చోటిచ్చింది.

డాక్టర్ సహస్ర పరీక్ష చేసి, పుండ్లు మానాయని సంతోషించింది. మెడ, భుజాల సంగతి అడిగింది. ఆపరేషన్ గురించి ఇద్దరూ మాట్లాడుకున్నారు. మచ్చలుంటాయని, తర్వాత పాలివ్వడంలో ఇబ్బంది రావచ్చని డాక్టర్ దాచకుండా చెప్పింది. "అన్ని ఆలోచించుకున్న మేడమ్, నాకు చేయించుకోవాలనే ఉంది" అంది ఎవాంజెలిన్. డాక్టర్ కాగితం రాస్తూ రాస్తూ అడిగింది.

"అన్నట్టు, ఆ టైలర్‌కు చెప్పినవా మరి?"

"ఆ, చెప్పిన మేడమ్. ఆయన ఇంక గట్ల..."

"ఆయన కాదు" అంది సాయమ్మ.

మందుల ట్రే సర్దుతున్న సిస్టర్ ఆగి చూసింది. ఎవాంజెలిన్ "అమ్మా" అంటూ చెయ్యి పట్టుకుంది. సాయమ్మ ఆ చేతిని విడిపించుకోలేదు, మాటా ఆపలేదు.

"ఆ టైలర్‌ను నేనే డాక్టరమ్మా. బజార్ల ఎవ్వలు లేరు. ఆ పట్టీలన్ని నేనే కుట్టిన. ఊపిరాడుతలేదని ఆ పొద్దున సుత చెప్పింది, నేనే ఇనలే. ఆ రోజు నా బిడ్డ నా కోసం అబద్ధం చెప్తుంటే నోరు మూసుకుని నిలబడ్డ. ఇంక నాతోని కాదు."

డాక్టర్ పెన్ను కింద పెట్టి, ఆమె ముందుకు నీళ్ళ గ్లాసు జరిపింది. "కూసోండ్రి అమ్మా" అని మాత్రం అంది. ఏమీ జరగనట్టే మళ్ళీ కాగితం అందుకుంది.

"హైదరాబాద్‌ల కొన్ని రోజులు ఉండాల్సొస్తది. తోడుకు ఎవరొస్తున్నరు?"

సాయమ్మ నేల వైపు చూసింది. బిడ్డ అడిగిన ఆ ఒక్క కోరికనైనా ఈసారి వినాలనుకుంది.

"వాళ్ళ బాపు పోతడు డాక్టరమ్మా" అంది తనే.

"బాపు కాదు మేడమ్" అంది ఎవాంజెలిన్. ఆమె కళ్ళనిండా నీళ్ళున్నాయి, తల్లి చెయ్యి ఇంకా వదల్లేదు. "మా అమ్మ వస్తది. ఆపరేషన్ అయినంక నా కొలతలన్ని మారిపోతయి కదా. కొత్త బట్టలు కుట్టాలంటే అమ్మ ఉండాలె."

సాయమ్మ సిస్టర్ ముందే, డాక్టర్ ముందే, సిగ్గుపడకుండా భోరున ఏడ్చింది. ఏడుస్తూనే అడిగింది.

"ఎంత లూజు పెట్టాలె బిడ్డా? నువ్వే చెప్పు."