వెల్డన్ బ్రేకులు

"కరివేపాకు ఫ్రెష్‌గా ఉందా?"

"లేదండి. ఫ్రోజెనే ఉంది."

కోడ్ సరిపోయింది. అమెరికాలో, ఇర్వింగ్‌లోని ఇండియన్ గ్రాసరీలో, బియ్యం బస్తాల వెనుక, కౌంటర్ ఇంటెలిజెన్స్ చీఫ్ సత్యం తన ఏజెంట్ నైనికకు టాబ్లెట్ అందించాడు.

"గ్రాహం వెల్డన్. బ్రిటిషర్. ఒకప్పటి రేసింగ్ డ్రైవర్. ముప్పై ఏళ్ల కింద బ్రేకులు ఫెయిలై ఇతని కారు మెకానిక్‌ను గుద్దేసింది. స్పాట్ డెడ్. ఆ మెకానిక్ ఇతని సొంత తమ్ముడే."

"తర్వాత సార్?"

"రేసులు మానేసి బ్రేకులు చేయడం మొదలుపెట్టాడు. ఇప్పుడు ఇక్కడ పెద్ద కంపెనీ. రేపు ఆర్మీ ముందు డెమో. ఓ ఫారిన్ స్పై రింగ్ ఆ బ్రేకుల్ని రిమోట్‌తో కట్ చేయబోతోంది. కంపెనీ కుప్పకూలితే వాళ్లే కొనేస్తారు. ఇక ఆర్మీ బండ్ల బ్రేకులన్నీ వాళ్ల చేతిలో."

"లోపల మనవాళ్లు?"

"రేష్మ. అతని సాఫ్ట్‌వేర్ హెడ్. రింగ్ ఆమెను తమ మనిషే అనుకుంటోంది."

నైనిక తలూపింది. టాబ్లెట్‌లో ఆ తమ్ముడి ఫొటో చూసినా ఆమెకేమీ అనిపించలేదు. పదకొండేళ్ల సర్వీసు. తండ్రి పోయిన రోజున కూడా రిపోర్టు పంపాకే ఫ్లైట్ ఎక్కింది.

మర్నాడు పదకొండు గంటలకు, సేఫ్టీ ఇంజనీర్ వేషంలో ఆమె వెల్డన్ పక్క సీట్లో కూర్చుంది. ఎర్ర సిల్క్ జాకెట్‌లో మెరిసిపోతున్న రేష్మ కిటికీలోంచి వంగి నవ్వింది. "అంతా క్లీన్. నేనే చెక్ చేశాను."

కారు టెస్ట్ ట్రాక్ మీద కదిలింది. స్పీడ్ నూటపది మైళ్లు దాటింది. నైనిక జేబులో, రిమోట్ సిగ్నల్‌ను పసిగట్టి కట్ చేసే పెన్ ఎర్రగా వెలిగింది. బయటి సిగ్నల్!

"బ్రేక్ వేయండి!"

వెల్డన్ పెడల్ నొక్కాడు. అది ఉత్తదే అన్నట్టు కిందికి దిగిపోయింది. ఎదురుగా గ్యాలరీ. నలభై మంది.

"సార్, రేష్మను పట్టుకోండి, కారు చెక్ చేసింది తనే," నైనిక మైక్‌లో చెప్పింది. జేబులోంచి పెన్ తీసి డాష్‌బోర్డ్ కిందికి వంగింది.

"నీకెంత టైం కావాలి?" వెల్డన్ అడిగాడు.

"ఎనిమిది సెకన్లు."

"ఇస్తాను."

అతను కారును గోడకేసి రాపాడించాడు. నిప్పులు ఎగిరాయి. డోర్ ఊడిపోయింది. స్పీడ్ తొంభై... అరవై... నైనిక డాష్‌బోర్డ్ కింది పోర్ట్‌లో పెన్ గుచ్చింది. ఆరు, ఏడు... సిగ్నల్ కట్. బ్రేకులు పట్టాయి. గ్యాలరీ రెయిలింగ్‌కు జానెడు దూరంలో కారు ఆగింది.

వెల్డన్ స్టీరింగ్ మీద నుంచి చేతులు తీయలేకపోయాడు. "మా తమ్ముడు పోయిన రోజు కూడా ఇవి వణకలేదు," అన్నాడు నెమ్మదిగా. తర్వాత పిల్లాడిలా ఏడ్చాడు. ఏం చేయాలో తెలియక నైనిక అతని భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి కూడా సన్నగా వణుకుతోంది. ఆమె దాన్ని వింతగా చూసుకుంది.

గేటు దగ్గర బేడీలతో నిలబడ్డ రేష్మ గొణిగింది. "నువ్వు కారెక్కుతావని నాకు తెలీదు నైనికా. గ్యాలరీలో ఉంటావనుకున్నా."

"ఎంత మంచిదానివే, కారులో ఉన్న నన్ను చూసే నవ్వావుగా," అంది నైనిక.

సాయంత్రం వెల్డన్ కొత్త కారు తాళాలు పట్టుకొచ్చాడు. "నిన్ను హోటల్లో దింపనా?"

"థాంక్స్. క్యాబ్ బుక్ చేశాను."

డ్రైవర్‌కు ఆమె పంపిన మెసేజ్ ఒకటే: మెల్లగా రండి, తొందరేమీ లేదు.