ఐస్ ఫ్యాక్టరీలో గొంతులు

చీకటి పడ్డాక ఐస్ ఫ్యాక్టరీ సందులోకి కుక్కలు కూడా వెళ్ళవనేవాళ్ళు. ఫ్యాక్టరీ మూతపడి చాలా ఏళ్ళయింది. చెడ్డపేరు మాత్రం కాల్పుల తర్వాతే వచ్చింది.

ఎన్నికల్లో ఓడిన పెద్దాయన కుర్చీ దిగనన్నాడు. జనం రోడ్డెక్కారు. సైనికులు కాల్చారు. కొన్ని శవాలు ఇళ్ళకొచ్చాయి... కొందరివి చెప్పులు కూడా రాలేదు. ఆ రానివాళ్ళే దెయ్యాలై ఫ్యాక్టరీలో ఏడుస్తున్నారని పుకారు. మలుపులో కాపలా ఉండే హెడ్ కానిస్టేబుల్ అయితే కనబడిన ప్రతివాళ్ళకీ చెప్పేవాడు — "కళ్ళారా చూశానమ్మా, తల లేని మనిషి! పిల్లలు గలవాళ్ళు, అటు పోకండి."

ఎంత దయో!

ఇది మా పిన్నికి జరిగింది. పిన్ని ఆస్పత్రి లాండ్రీలో పనిచేసేది. రాజకీయాలు ఆమెకు పట్టవు. పెద్దాయన ఫొటో టీవీలో కనిపిస్తే "వీడి మీసానికి ఇస్త్రీ ఎవరు చేస్తారో" అని నవ్వి ఊరుకునేది.

ఆ రాత్రి మెయిన్ రోడ్డు మీద చెక్‌పోస్టు పెట్టి బస్సులు ఆపేశారు. ఇల్లు చేరాలంటే ఆ సందే గతి. చెంగు బిగించి, తల వంచుకుని నడిచింది.

సగం దూరం వచ్చేసరికి వినబడింది... ఏడుపు. సన్నగా, నేలలోంచి వస్తున్నట్టు.

నిలబడిపోయింది.

"అక్కా..."

గోడ కింద, పాదాల పక్కనే, ఇనుప చువ్వల వెంటిలేటరు. దానిలోంచి గుసగుస.

"అక్కా... ఇవాళ ఏ వారం?"

పిన్ని కిందికి చూసింది. "గు... గురువారం."

లోపల ఎవరో అన్నారు — "గురువారమట." కాస్త దూరంలో ఇంకొకరు — "గురువారమట." ఇంకా లోపల, ఇంకా కిందికి... "గురువారమట... గురువారమట..." ఎన్ని గొంతులో!

దెయ్యాలకు వారంతో పనేంటి?

భయం అక్కడే ఆగిపోయింది. వంగి అడిగింది. "ఎంతమంది ఉన్నారు నాయనా?"

"నిన్నటికంటే ఒకరు తక్కువ."

మొహం మీద టార్చి పడింది. హెడ్ కానిస్టేబుల్.

"ఏం విన్నావమ్మా?"

పిన్ని అతని మొహంలోకి చూసింది. ఆ కథ ఎవరు అల్లారో, ఎందుకు అల్లారో అప్పుడు అర్థమైంది. పళ్ళు బిగించి అంది. "దెయ్యాలండీ."

"చెప్పానా! వెళ్ళు, వెళ్ళు."

వెళ్ళింది. ఇంటికి కాదు. ఫ్యాక్టరీకి ఎదురింట్లో రిటైరైన మాస్టారు ఉండేవాడు. ఆయన తలుపు కొట్టింది. ఆయన తలుపు తియ్యకుండానే, "ఈ వేళప్పుడు ఏంటమ్మా గోల? పడుకో" అన్నాడు. పిన్ని అక్కడ ఆగలేదు. కొడుకు కనబడకుండా పోయిన ప్రతి తల్లి తలుపూ కొట్టింది. "మీవాడు చచ్చాడని నీకెవరు చెప్పారే? లే!"

తెల్లారేసరికి సందు నిండిపోయింది. తల్లులు, అక్కచెల్లెళ్ళు, ఆస్పత్రి ఆయాలు, డ్రైవర్లు. కాపలావాళ్ళు గాల్లోకి కాల్చారు. ఎవరూ కదల్లేదు. "మాకే గురిపెట్టండి, అప్పుడు మేమూ దెయ్యాలమవుతాం!" అని అరిచింది ఒక తల్లి. కాపలావాళ్ళు గోడ దూకి పారిపోయారు. అందరికంటే ముందు దూకింది హెడ్ కానిస్టేబులే. గేటు విరిగింది.

వాళ్ళు ఒక్కొక్కరే బయటికొచ్చారు. ఎముకల గూళ్ళు. వెలుతురుకు కళ్ళు మూసుకుని, గోడ పట్టుకుని. కొందరు తల్లులు కొడుకుల్ని గుర్తుపట్టలేకపోయారు. కొందరు చివరిదాకా నిలబడి, ఇంకెవరూ రాకపోతే అక్కడే కూలబడిపోయారు.

అప్పుడొచ్చాడు మాస్టారు, బయటపడిన ఒక కుర్రాడి దగ్గరికి, చెంబుతో నీళ్ళు పట్టుకుని. కళ్ళ నిండా నీళ్ళు.

"తాగు బాబూ... దేవుడి మీదొట్టు, మీరని తెలీదు. దెయ్యాలేమో అనుకున్నాం."

ఆ కుర్రాడు చెంబు అందుకోలేదు. ఎదురింటి వైపు చెయ్యెత్తాడు.

"ఆ పచ్చ తలుపుల కిటికీ మీదేనా?"

"అవును బాబూ."

"మేం 'కాపాడండి' అని అరిచినప్పుడల్లా అది మూసుకునేది. గడియ పెట్టుకున్న చప్పుడు కూడా వినబడేది."